రెక్క అంచున పూసిన పుట్టీ

గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు కలం పడితే ఏం రాస్తాడో మీకు ముందే తెలిసే ఉంటుంది. భూమి కింద వేడి, రాతికప్పు కూలడం, చేతిలో దీపం ఆరిపోవడం. ఇవన్నీ మీ తాతలూ మేనమామలూ చెప్పే ఉంటారు, కాస్త కలిపే చెప్పి ఉంటారు. నేను వాటి జోలికి పోను. భూమి పైన, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. అందులో ఒక విమానం ఉంది. గని ఫిట్టరుకు విమానంతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా ఆవిడ అప్పుడే అడిగింది, నేను అప్పుడే నీళ్ళు నమిలాను.

నేను ఉద్యోగంలో చేరేసరికి గనులు ప్రభుత్వం చేతికి వచ్చేశాయి. దొరల కాలం ఎంత గొప్పదో చెప్పే ముసలివాళ్ళు ఒక పక్క, రాబోయే కాలం ఎంత గొప్పదో చెప్పే నాయకులు ఇంకో పక్క. ఇద్దరి మధ్యా నిలబడి నేను మా బంగారు గనిలో, చాంపియన్ రీఫ్స్ వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకున్నాను. షాఫ్టులో మనుషులను దింపే కేజ్‌లు, వాటి గొలుసులు, తలుపులు, ఇవే నా పని. బంగారం తగ్గిపోయాక స్వచ్ఛంద విరమణ అన్నారు. నా స్వచ్ఛంద నిర్ణయం ఏమిటో కాగితం మీద టైపు చేసి ఉంది. కింద సంతకం పెట్టి ఇంటికి వచ్చాను.

ఇంట్లో నాలుగు నెలలు కూర్చున్నాను. కూర్చోవడమంటే ఊరికే కూర్చోలేదు. కుళాయి బాగుంటే విప్పి మళ్ళీ బిగించాను. తలుపు గొళ్ళేనికి ఇంకో గొళ్ళెం వేశాను. ఐదో నెలలో మా పాత వర్క్‌షాపు ఇంజనీరు ఇంటికి వచ్చాడు. నాకంటే రెండేళ్ళ ముందే రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన్ను సార్ అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను.

"ఏం చేస్తా ఉండావప్పా?" అన్నాడు.

"ఏమీ లేదు సార్. ఇంట్లోనే ఉండా."

"తెలస్తా ఉండాదిలే, తలుపుకు రెండు గొళ్ళాలు చూసినా. రేపు పొద్దున ఎనిమిదికి మా షెడ్డుకు రా. విమానం కట్టల్ల."

సార్ వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో విమానం నడపడం నేర్చుకున్నాడని మాకు తెలుసు. సెలవు రోజుల్లో పోయి నడిపి వచ్చేవాడు. ఇప్పుడు రిటైరైన తర్వాత విదేశం నుంచి నాలుగు చెక్కపెట్టెల్లో ఒక విమానం తెప్పించాడు. తెప్పించాడంటే విమానం కాదు, దాని ముక్కలు. అల్యూమినియం రేకులు, చక్రాలు, సంచుల కొద్దీ రివెట్లు, వాటి మధ్య దిండంత పుస్తకం. కొన్నవాడు ఆ పుస్తకం చూసుకుంటూ ఇంట్లోనే కట్టుకోవాలట. ఇద్దరు కూర్చునే చిన్న విమానం.

ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ అంది. "గనిలో దిగినప్పుడు మళ్ళా పైకి వస్తావో లేదో అని కూర్చుంటి. ఇప్పుడు పైకి పోయినాక మళ్ళా కిందికి వస్తావో లేదో అని కూర్చోవల్నా?"

"నేను కట్టేది మాత్రమే. ఎగిరేది ఆయన," అన్నాను. అప్పుడు అదే నిజం.

షెడ్డు క్యాసంబళ్ళి దారిలో, సార్ మామగారి మల్బరీ తోట పక్కన ఉండేది. అంతకు ముందు అందులో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. పురుగులు మేసే తట్టల్లో మేము రివెట్లు పోసుకున్నాం. పట్టుగూళ్ళు తూచే త్రాసు మూలన అలాగే ఉంది, అది తర్వాత నా పని పట్టింది. మూడో మనిషి ఒకడున్నాడు. పోత పోసే షాపులో చెక్క నమూనాలు చెక్కిన మేస్త్రీ. మా కంటే పెద్ద, క్యాథలిక్కు, మిషన్ స్కూల్లో చదివినవాడు కాబట్టి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ విమానంలో చెక్క ముక్క ఒక్కటీ లేదు. అయినా రేకు వంచడానికి చెక్క అచ్చులూ, నిలబెట్టడానికి స్టాండ్లూ చేసేది ఆయనే, పుస్తకం చదివి వినిపించేదీ ఆయనే. ఆదివారం చర్చిలో చదివినట్టే గొంతు సవరించుకుని చదివేవాడు.

మేము ముగ్గురమే. అయినా గని మాలో నుంచి పోలేదు. సార్ గంట బదులు ఒక రైలు పట్టా ముక్క వేలాడదీశాడు, ఎనిమిదికి దాని మీద సుత్తితో కొట్టేవాళ్ళం. కొట్టేవాళ్ళమూ మేమే, విని లోపలికి వచ్చేవాళ్ళమూ మేమే. పదింటికి టీ. టీకి రెండు నిమిషాల ముందు పని ఆగిపోయేది. ప్రతి పనికీ ఒక కార్డు, కార్డు మీద రెండు సంతకాలు. పని చేసినవాడిది ఒకటి, చూసినవాడిది ఒకటి. షెడ్డు నుంచి స్క్రూడ్రైవర్ ఇంటికి తీసుకుపోవాలంటే సార్ చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీని గేటు దగ్గర చూపించాలి. గేటు దగ్గర ఒక ఆవు కట్టేసి ఉండేది.

ఏడాది గడిచేసరికి ఒళ్ళు, తోక తయారయ్యాయి. రెక్కల దగ్గరికి వచ్చాక నీలగిరి చెట్లు అడ్డం వచ్చాయి.

విమానం దిగడానికి సార్ మల్బరీ తోట పక్కన బీడును చదును చేయించాడు. అది పొట్టి. ఒక కొసన మా షెడ్డు, రెండో కొసన పక్క రైతు నీలగిరి తోపు. వాటిని నాలుగు వరసలు కొట్టించమని సార్ అడిగాడు. రైతు చాలా మర్యాదగా విన్నాడు. "మీ విమానం ఇంగా పుట్టనే లేదు సార్. నా చెట్లు పుట్టి ఆరేండ్లు అయింది," అన్నాడు. ఆ మాటకు ఇంజనీరింగులో జవాబు లేదు.

చెట్లు తగ్గవు కాబట్టి రెక్కనే మార్చాలని సార్ నిర్ణయించాడు. ఇక్కడ మీకు రెండే మాటలు చెబుతాను, ఓపిక పట్టండి. రెక్క వెనక అంచున, ఒంటికి దగ్గరగా ఉండే పలక ఫ్లాప్. రెండు రెక్కలవీ కలిసి కిందికి వంగుతాయి. అప్పుడు విమానం నెమ్మదిగా వచ్చినా పడిపోదు, తక్కువ చోటులో దిగుతుంది. రెక్క కొసన ఉండే పలక ఎయిలరాన్. ఒక పక్కది లేస్తే రెండో పక్కది వంగుతుంది, దానితో విమానం ఒరుగుతుంది. చెట్ల మీదుగా వచ్చి చప్పున దిగాలంటే ఫ్లాపులు పెద్దవి కావాలి. మూరెడు పొడిగిస్తే ఎయిలరాన్ మూరెడు పొట్టిదవుతుంది. ఆ లోటు తీరాలంటే దాన్ని నాలుగు వేళ్ళు వెడల్పు చేయాలి.

మేస్త్రీ పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. "ఈడ నల్లగా, పెద్ద అక్షరాల్లో ఉండాది సార్. ఇది మార్చగూడదంట."

"వాళ్ళ పక్క చేనులో నీలగిరి చెట్లు లేవు మేస్త్రీ," అన్నాడు సార్.

ఊరికే మొండికేయలేదు లెండి. రెండు నెలలు లెక్కలు కట్టాడు. బెంగళూరులో విమానాల పని చేసి రిటైరైన ఒక పెద్దమనిషికి డ్రాయింగులు చూపించాడు. ఆయన కొన్నిచోట్ల ఎర్ర పెన్సిల్ పెట్టి, చివర ఒకటే షరతు పెట్టాడు. ఎయిలరాన్ వెనక అంచు బరువెక్కకూడదు. అది కీళ్ళ మీద తిరిగే పలక కదా. కీలుకు వెనక పక్క బరువు ఎక్కువైతే, గాలిలో వేగం అందుకోగానే అది తనంతట తాను కొట్టుకోవడం మొదలుపెడుతుంది. నాలుగు ఊపులు ఊపి రెక్కనే విరిచేస్తుంది. అందుకని ముందు అంచున సీసం పెట్టి, రెండు మేకుల మీద కీళ్ళతో వేలాడదీసి చూడాలి. వెనక అంచు కిందికి జారకపోతే మంచిది, జారితే ఎగరకూడదు. రంగు వేసినా సరే, వేసిన తర్వాత మళ్ళీ చూడాలి. పుస్తకంలోనూ అదే ఉందని మేస్త్రీ రెండుసార్లు చదివి వినిపించాడు.

నేను మొదటి ఎయిలరాన్ చేశాను. గని చేతులు కదా, ఎక్కడ అనుమానం వస్తే అక్కడ ఇంకో పట్టీ వేయడమే నాకు తెలిసిన విద్య. లోపల పట్టీలు, పట్టీల మీద పట్టీలు, ఒక రివెట్టు చెప్పిన చోట రెండు. ఏనుగు కూర్చున్నా వంగదని సంబరపడ్డాను. సార్ దాన్ని పట్టుగూళ్ళ త్రాసులో పెట్టాడు. అవతలి తట్టలో రాళ్ళు వేస్తూ పోయాడు. రాళ్ళు అయిపోయాయి.

"ఇది విమానమప్పా, కేజ్ కాదు. దీన్ని తాడు కట్టి ఎవరూ లాగరు," అన్నాడు.

బలంగా చేయడం నాకు వచ్చు. తేలిగ్గా చేయడం నేర్చుకోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. మూడు ఎయిలరాన్లు పాడుచేశాను. నాలుగోది, ఐదోది కుదిరాయి. వాటిని మేకుల మీద వేలాడదీస్తే నీళ్ళ మీద ఆకులా నిలిచాయి. మేస్త్రీ వేలితో తట్టి చూసి, "చెయ్యంటే ఇది," అన్నాడు. ఆ మనిషి నోట మెచ్చుకోలు రావడం ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. నాకు కొమ్ములు మొలిచాయని చెప్పడానికి సిగ్గు లేదు.

ఎగరడానికి అనుమతి కాగితం వచ్చింది. వచ్చిన మరునాడే ప్రారంభోత్సవం తయారైంది. సార్ బావమరిదికి తెలిసిన ఒక నాయకుడు ముఖ్య అతిథిగా వస్తానన్నాడట. ఆయన దొరికే రోజు ఒక్కటే, వచ్చే ఆదివారం. విమానం ఎప్పుడు తయారవుతుందో మాకే తెలియదు, ఎప్పుడు ఎగురుతుందో ఆహ్వానపత్రికలో అచ్చయింది.

ఆదివారానికి రెండు రోజుల ముందు నేను ఒక్కణ్ణే షెడ్డులో ఉన్నాను. మేస్త్రీ ఎవరిదో చావుకు పోయాడు. సార్ షామియానా చూడటానికి రాబర్ట్‌సన్‌పేటకు పోయాడు. కుడి ఎయిలరాన్ బల్ల మీద ఉంది. పైన తట్టలో పెట్టిన డ్రిల్లింగ్ మిషను తీగ నా భుజానికి తగిలింది. మిషను వచ్చి సరిగ్గా ఎయిలరాన్ వెనక అంచు మీద పడింది. అరచేయంత సొట్ట.

దానికి పద్ధతి ఏమిటో నాకు తెలుసు. ఆ రేకు తీసేసి కొత్తది వేయాలి. మూడు రోజుల పని. మూడు రోజులంటే ఆదివారం పోతుంది, ముఖ్య అతిథి పోతాడు, ముఖ్యంగా నా పేరు పోతుంది. సార్ ఆహ్వానపత్రిక ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ "రెక్కలు మా ఫిట్టరు చెయ్యి" అని చెప్పి వచ్చాడు. ఇప్పుడు పోయి సొట్ట పడిందని చెప్పడమా?

సైకిలెక్కి పేటకు పోయాను. కారు సొట్టలకు పూసే పుట్టీ డబ్బా ఒకటి, రంగు రెండు డబ్బాలు తెచ్చాను. పుట్టీ నింపి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాను. ఒక్కచోటే రంగు వేస్తే అనుమానం వస్తుందని రెండు ఎయిలరాన్లకూ వేశాను. ఒక పూతకు పుట్టీ కనిపించింది. రెండో పూత వేశాను. మూడోది కూడా వేశాను. గనిలో పెద్ద అధికారి వస్తున్నాడంటే నేను చేసే మొదటి పని రంగు వేయడమే. రంగు వేసినదాన్ని ఎవరూ చేత్తో ముట్టరు, తడిగా ఉందేమోనని. ఆ కిటుకుతో ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాను.

తూకం మళ్ళీ చూడాలని నాకు గుర్తుంది. మరిచిపోయానని అబద్ధం చెప్పను. మేకుల స్టాండు మూడడుగుల దూరంలో ఉంది. వేలాడదీస్తే వెనక అంచు జారుతుందని నా మనసుకు తెలుసు కాబట్టే వేలాడదీయలేదు.

మరునాడు ఎయిలరాన్లు రెక్కలకు బిగించాక మేస్త్రీ వచ్చి చుట్టూ తిరిగాడు. "రంగు బాగుండాది. తూకం చూసినావా?"

"చూసినా," అన్నాను.

"నిలిచిందా?"

"నిలిచింది."

ఆయన కార్డు తెచ్చాడు. నేను సంతకం పెట్టాను. చూసినవాడి గడిలో ఆయన పెట్టాడు. గొలుసుకట్టుగా రాసే అందమైన సంతకం, ఆరోజు మామూలు కంటే నిదానంగా పెట్టాడు.

ఆదివారం పొద్దున షామియానా కింద మూడు వందల కుర్చీలు, నాలుగు వందల మంది. పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు వచ్చింది. విమానం ముందు గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మేస్త్రీ పక్కకు తిరిగి శిలువ గుర్తు వేసుకున్నాడు. ఇంతమంది దేవుళ్ళ పూచీ ఉన్నప్పుడు ఒక పుట్టీ ముక్క ఏం చేస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. నీలగిరి రైతు తన చెట్ల కింద తన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, విమానాన్ని నిమిరి, "దీంట్లో టమోటా ఎన్ని బుట్టలు పడతాయి?" అని అడిగాడు.

రిబ్బన్ కత్తిరించారు. సార్ మైకు తీసుకున్నాడు. అందరికీ కృతజ్ఞతలు చెప్పి, ఆఖర్లో అన్నాడు. "మా షాఫ్టులో ఒక ఆచారం ఉండాది. కేజ్ బాగు చేసినాక మొదటి ట్రిప్పులో ఎక్కేది ఆఫీసరు కాదు. ఆ పని చేసిన ఫిట్టరు. వాడు ఎక్కినాడంటేనే మిగతా మనుషులు ఎక్కేది. ఈ రెక్కలు చేసినోడు ఆడ నిలబడుకోని ఉండాడు. రాప్పా, ఎక్కు."

ఆచారం నిజమే. రూలు పుస్తకంలో ఎక్కడా లేదు కానీ మా షాఫ్టులో అందరూ పాటించేవాళ్ళు. ఎన్నోసార్లు అలా ఎక్కాను, ఛాతీ విరుచుకునే ఎక్కాను. ఎవరో నా మెడలో దండ వేశారు. నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ కుర్చీల్లో మా ఆవిడ మాత్రం కొట్టలేదు. నా కాళ్ళు నన్ను అడగకుండానే విమానం దగ్గరికి నడిచాయి.

కుడి సీట్లో కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే కుడి ఎయిలరాన్ ఎదురుగా కనిపిస్తోంది, మూడు పూతల మెరుపుతో. ఇంజను మొదలైంది. సార్ కళ్ళద్దాలు సర్దుకోవడానికి విమానం నడిపే కర్ర మీద నుంచి చెయ్యి తీశాడు. ఆ కర్ర కదిపితేనే ఎయిలరాన్లు కదులుతాయి. ఎవరూ ముట్టని ఆ కర్ర మెల్లగా ఎడమ పక్కకు ఒరిగింది. అద్దంలోంచి చూశాను. కుడి ఎయిలరాన్ తన బరువుకు తాను కిందికి వాలింది. సార్ కర్రను మళ్ళీ నిటారుగా పట్టుకున్నాడు.

విమానం బీడు కొసకు పోయి తిరిగి నిలబడింది. ఎదురుగా నీలగిరి చెట్లు. అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను, ఇంజను మోతలో నా మాట నాకే వినిపించలేదు. వినిపించేలా రెండోసారి అనలేదు. సార్ ఇంజను వేగం పూర్తిగా పెంచాడు. విమానం పరుగెత్తింది. షామియానా, బ్యాండు, మేస్త్రీ చొక్కా అన్నీ పక్కనుంచి వెనక్కు పోయాయి. చక్రాలు నేలను వదలబోతూ తేలికపడ్డాయి. అప్పుడు భయపడ్డాను. పేరు పోతుందన్న భయం కాదు, ఉత్త ప్రాణభయం. ఇద్దరి మధ్య ఉన్న ఇంజను పిడిని రెండు చేతులా పట్టి వెనక్కు లాగేశాను.

ఇంజను మోత తగ్గిపోయింది. సార్ బ్రేకులు తొక్కాడు. విమానం అటూ ఇటూ ఊగి, చెట్లకు నూరడుగుల ఇవతల దుమ్ములో ఆగింది.

"పుట్టీ ఉండాది సార్. కుడి పక్క. తూకం చూడలే," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. బ్యాండు మోత వినిపించింది. మేము అనుకున్నట్టే చేశామని జనం అనుకున్నారు. పరుగెత్తడమే కార్యక్రమం అనుకుని ముఖ్య అతిథి లేచి చప్పట్లు కొట్టాడు. తర్వాత పదిహేను నిమిషాలు మన జిల్లా ఆకాశంలోకి దూసుకుపోయిందని మాట్లాడాడు. విమానం అప్పటికీ నేల మీదే ఉంది, ఒక కోడి దాని చక్రం పక్కన గీరుకుంటోంది. ఎవరికీ లోటు అనిపించలేదు. అందరూ పులిహోర తిని వెళ్ళిపోయారు.

జనం పోయాక ముగ్గురం షెడ్డులో తలుపు వేసుకున్నాం. కుడి ఎయిలరాన్ విప్పి మేకుల మీద వేలాడదీశాను. చెయ్యి వదలగానే వెనక అంచు టప్‌మని కిందికి పడింది. మేస్త్రీ దాన్ని వేలితో పైకి లేపి వదిలాడు, మళ్ళీ పడింది.

"చూసినా అన్నావు కదప్పా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కార్డు తీసి తన సంతకం కొట్టేసి, సైకిలు తీసుకుని పోయాడు. తొమ్మిది రోజులు పనికి రాలేదు. నేను రోజూ ఎనిమిదికి పట్టా కొట్టి ఒక్కణ్ణే లోపలికి పోయేవాణ్ణి. పుట్టీ చెక్కేశాను, రంగు గీకేశాను, రేకు తీసి కొత్తది వేశాను. ఆ తొమ్మిది రోజులు నాకు ఎంత సిగ్గుగా గడిచాయో చెప్పడానికి నాకు భాష చాలదు. పదో రోజు ఆయన వచ్చాడు. నేను ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మేకుల స్టాండు చూపించాడు. ఎయిలరాన్ వేలాడదీశాను. నిలిచింది. దాన్ని తీసి మళ్ళీ పెట్టించాడు, మళ్ళీ నిలిచింది. అప్పుడు సంతకం పెట్టాడు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, బ్యాండు లేకుండా, కుర్చీలు లేకుండా విమానం ఎగిరింది. నేను ఎక్కడానికి ముందుకు పోతే సార్ వద్దన్నాడు. "తూకం చూసినాం కదా. ఇంగ మనిషి ఎందుకు?" అని ఒక్కడే ఎక్కాడు. క్యాసంబళ్ళి మీదుగా రెండు చుట్లు తిరిగి వచ్చాడు. ఫ్లాపులు పూర్తిగా దించుకుని, నీలగిరి చెట్ల నెత్తి మీదుగా నెమ్మదిగా దిగి, సగం బీడు మిగిలి ఉండగానే ఆగాడు. రైతు తన చెట్ల కింద నుంచి వచ్చి ఆకులు లెక్కపెట్టుకున్నట్టు పైకి చూసి వెళ్ళిపోయాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చేసిన రెక్కలు ఎగిరాయి మరి.

ముగ్గురం రెక్క నీడలో కూర్చున్నాం. టీ తెచ్చాను. సార్ గ్లాసు పట్టుకుని అడిగాడు.

"ఒక మాట నిజంగా చెప్పప్పా. ఆ పొద్దు నేను నిన్ను ఎక్కమనకుండా ఉంటే, చెప్పిండేవాడివా?"

అబద్ధం చెప్పడానికి అది చాలా అనువైన చోటు. ఆ మాటను తూచే త్రాసు ఎక్కడా లేదు. కానీ మేస్త్రీ పక్కనే ఉన్నాడు.

"లేదు సార్. చెప్పిండేవాణ్ణి కాదు. మీరు ఒక్కరే పోయిండేవాళ్ళు. నేను కింద నిలబడి చప్పట్లు కొట్టిండేవాణ్ణి."

సార్ కోపం తెచ్చుకోలేదు. టీ ఒక గుక్క తాగాడు. "పుట్టీ వాసన నాకు శనివారమే తెలిసిందప్పా. కర్ర ఒరిగింది నేనూ చూసినా. అడిగితే ఆదివారం ఆగిపోతుంది. అందుకే అడగలే. నిన్ను ఎక్కమన్నా. నువ్వు నోరు మూసుకోని ఎక్కితివి. చేసినోడే ఎక్కినాడు కదా, బాగుంటుందిలే అని స్టార్ట్ చేసినా."

"మీరు స్టార్ట్ చేసినారు కదా, బాగుంటుందిలే అని నేనూ కూర్చుంటి సార్."

ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. అంత పెద్ద ఆచారం మమ్మల్నిద్దర్నీ ఒకరికొకరం అబద్ధం చెప్పకుండానే మోసం చేసుకోనిచ్చింది, అదీ దండ వేసి, చప్పట్లు కొట్టించి. నవ్వు వచ్చింది, నిజంగానే. మేస్త్రీ నవ్వలేదు.

"మీకేమప్పా, ఇద్దరూ ఒకే దెబ్బకు పోయిండేవాళ్ళు," అన్నాడు. "మీ ఇండ్లకు పోయి తలుపు కొట్టాల్సింది నేను."

మా గనిలో ఎవరైనా చనిపోతే ఆ కబురు ఇంటికి మోసుకుపోయేది ఆఫీసు జవాను కాదు. వాడితో కలిసి పనిచేసినవాడే పోవాలి. మేస్త్రీ తన ఉద్యోగంలో మూడుసార్లు అలా కబురు మోసుకుపోయాడు. మూడోసారి మా అన్న చావు కబురుతో అన్న ఇంటికి వచ్చాడు. ఆ రోజు తలుపు తీసింది నేనే. గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడిన ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అలాంటి మనిషి "చూసినావా?" అని అడిగితే, చూశానని చెప్పాను.